లిఫ్టు ఆగితే చెడ్డపేరు ఎవరికి?

‘కట్టించి ఇస్తే మాత్రం కాపాడుకుంటారా?’ ప్రభుత్వ గృహ సముదాయాల మాట ఎత్తగానే మన దగ్గర ఎవరో ఒకరు అనే మాట ఇది. హైదరాబాద్‌ శివార్లలోని డబుల్‌ బెడ్‌రూం ఇళ్లయినా, విజయవాడ సింగ్‌నగర్‌ వైపున్న వాంబే కాలనీ అయినా, చెన్నైలోని కన్నగి నగర్‌ అయినా వరస ఒకటే. ముందు మెట్ల మీద చెత్త, మూలనపడ్డ లిఫ్టు ఫొటో ఒకటి పత్రికల్లో వస్తుంది. తరవాత ఏ గంజాయి కేసో, కొట్లాటో జిల్లా పేజీకెక్కుతుంది. కొన్నాళ్లకు కాలనీ పేరే ఒక తిట్టయి కూర్చుంటుంది. పేదలను అపార్టుమెంట్లలో పెట్టడమే తప్పని ఒకరు, కూల్చేసి ఆ స్థలాన్ని మరో పనికి వాడుకోవాలని ఇంకొకరు వాదిస్తారు. అమెరికా, ఐరోపా నగరాలు ఈ వాదనతో డెబ్బై ఏళ్లుగా కుస్తీ పడుతున్నాయి. అక్కడ తీర్పులు చెప్పింది ఎక్కువగా వాస్తుశిల్పులు, పోలీసు అధికారులు, ఆర్థికవేత్తలు, సినిమావాళ్లు. ఆ ఇళ్లలో కాపురమున్నవారిని అడగడం ఆలస్యంగా మొదలైంది. కొన్నిచోట్ల అడిగేనాటికి ఇళ్లే లేవు.

ఈ చర్చలో అందరూ ఉదాహరించే పేరు అమెరికాలోని సెయింట్‌ లూయిస్‌లో కట్టిన ప్రూయిట్‌-ఐగో. 57 ఎకరాల్లో 33 భవనాలు, ఒక్కొక్కటి 11 అంతస్తులు, మొత్తం 2,870 ఇళ్లు. ఆ తరవాత న్యూయార్క్‌ జంట టవర్లకు రూపమిచ్చిన మినోరు యమసాకీయే దీని వాస్తుశిల్పి. 1954లో జనం చేరారు. 1972లో కెమెరాల ముందు పేల్చివేత మొదలైంది. 1976 నాటికి అంతా నేలమట్టం. పాతికేళ్లయినా నిలవని ఆ సముదాయాన్ని చూపించి, ఆధునిక వాస్తుశిల్పం అక్కడితో చచ్చిపోయిందని విమర్శకుడు చార్లెస్‌ జెంక్స్‌ 1977లో ప్రకటించాడు. నేరాలకు మూలం కట్టడం తీరులోనే ఉందని ఆస్కార్‌ న్యూమన్‌ అంతకు ముందే రాశాడు. వందల మంది వాడే నడవా, మెట్లు ఎవరి సొంతమూ కావు కనుక వాటిని ఎవరూ కనిపెట్టుకుని ఉండరన్నది ఆయన సిద్ధాంతం. ఇందులో నిజం లేకపోలేదు. ఖర్చు కలిసొస్తుందని అక్కడి లిఫ్టులు ఒకటి, నాలుగు, ఏడు, పది అంతస్తుల్లోనే ఆగేలా పెట్టారు. తొమ్మిదో అంతస్తులో ఉండే ఇల్లాలు సరుకుల సంచీతో, చంకలో బిడ్డతో పదిలో దిగి, బల్బుల్లేని మెట్ల మీదుగా ఒక అంతస్తు కిందికి రావాలి. దోచుకునేవాళ్లకు అంతకంటే అనువైన చోటేముంటుంది?

పాత నివాసుల మాటల మీద నడిచే ‘ద ప్రూయిట్‌-ఐగో మిత్‌’ అనే డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. వాళ్ల జ్ఞాపకాలు లిఫ్టు దగ్గర మొదలు కావు. కిక్కిరిసిన మురికి గదుల నుంచి వచ్చి సొంత మంచం, వేడినీళ్లు, కిటికీలోంచి నగరమంతా కనిపించే ఇల్లు చూసుకుని మురిసిపోయిన రోజుల దగ్గర మొదలవుతాయి. ఆ తరవాతే మరమ్మతులు ఆగిపోవడం, శీతాకాలంలో గొట్టాలు పగిలి మురుగు గడ్డకట్టడం, తుపాకులు రావడం. ఒకే నోటి నుంచి మురిపెమూ, భయమూ రెండూ వినిపిస్తాయి. ఒకటి నిజం, రెండోది అబద్ధం అని కాదు. ఏ సంవత్సరంలో ఏది మొదలైందో వరసగా చూసుకుంటే, కట్టడాన్ని నిందించే సిద్ధాంతం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. 1957లో తొంభై శాతానికి పైగా నిండిన భవనాలే పదిహేనేళ్లలో శిథిలాలయ్యాయి. ఆ మధ్యలో డిజైన్‌ మారలేదు కదా!

మారింది డబ్బు లెక్క. 1949 గృహనిర్మాణ చట్టం ప్రకారం కట్టడానికి నిధులు కేంద్ర ప్రభుత్వానివి, నిర్వహణ మాత్రం కిరాయిల మీదే నడవాలి. 1950లో 8.56 లక్షలున్న సెయింట్‌ లూయిస్‌ జనాభా 1970కి 6.22 లక్షలకు పడిపోయింది. తెల్లజాతివారు, వారి వెంట ఉద్యోగాలు శివార్లకు తరలిపోయాయి. ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ కిరాయి తగ్గింది, కిరాయి తగ్గేకొద్దీ మరమ్మతులు ఆగాయి, మరమ్మతులు ఆగేకొద్దీ తాహతున్నవారు వెళ్లిపోయారు. మిగిలిన నల్లజాతి పేదల మీదే కిరాయి పెంచుతూ పోయారు. దీనికి తోడు సంక్షేమ నిబంధన ఒకటి: భృతి పొందే ఇంట్లో పనిచేయగల మగమనిషి ఉండకూడదు. తనిఖీకి ఎవరైనా వస్తే నాన్న లేడని చెప్పమని తల్లులు నేర్పిన సంగతి అప్పటి పిల్లలు పెద్దయ్యాక చెప్పారు. ఇలాంటి నిబంధన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1968లో తేల్చింది. తండ్రిలేని కుటుంబాలే నేరాలకు కారణమని అప్పటికే పుస్తకాలు వచ్చేశాయి. తండ్రుల్ని గడప దాటించిన ప్రభుత్వమే తండ్రుల్లేరని వాపోవడం నాకు ఈ చరిత్ర మొత్తంలో చాలా చేదైన ఘట్టంగా తోస్తుంది.

నివాసులు చూస్తూ ఊరుకోలేదు. 1969లో సెయింట్‌ లూయిస్‌ ప్రభుత్వ గృహాల అద్దెదారులు తొమ్మిది నెలలు కిరాయి కట్టకుండా సమ్మె చేశారు. దాన్ని నడిపినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. కిరాయి ఆదాయంలో 25 శాతం దాటకూడదనే బ్రూక్‌ సవరణ ఆ ఏడాదే అమెరికా చట్టంలో చేరింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కిరాయి తగ్గించినంత మేర లోటును కేంద్రం పూర్తిగా పూడ్చలేదు. దాంతో నిర్వహణ ఇంకా కుంటుపడింది. అద్దెదారుల గెలుపు కాగితం మీద చట్టమై, మెట్ల మీద చీకటిగానే మిగిలింది. వినడం వేరు, విన్నదానికి నిధి కేటాయించడం వేరు.

షికాగోది దీనికి కొనసాగింపు. కబ్రీని-గ్రీన్‌ సముదాయం 1942లో చిన్న వరస ఇళ్లతో మొదలై 1962 నాటికి 3,600 ఇళ్లకు పెరిగింది. ఒక దశలో 15 వేల మంది ఉండేవారు. 1981లో అక్కడి మేయర్‌ జేన్‌ బైర్న్‌ పోలీసుల కాపలా మధ్య కొద్ది వారాలు అక్కడే ఓ ఫ్లాటులో మకాం పెట్టారు. 1992లో ‘క్యాండీమ్యాన్‌’ అనే దెయ్యం సినిమాకు ఆ భవనాలే వేదికయ్యాయి. ఇంత పేరు మోశాక కూల్చడం సులువు. 2000లో మొదలైన పునర్నిర్మాణ ప్రణాళిక కింద నగరంలో కుటుంబాల కోసం కట్టిన బహుళ అంతస్తుల ప్రభుత్వ గృహాలు దాదాపు అన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. కబ్రీని-గ్రీన్‌ చివరి టవర్‌ను 2011లో పడగొట్టారు. అది నగరంలోని ఖరీదైన పేటల పక్క నేల. ఇప్పుడక్కడ మిశ్రమ ఆదాయ అపార్టుమెంట్లు, ఓ పెద్ద సూపర్‌ మార్కెట్‌ ఉన్నాయి. 2013లో ఆడ్రీ పెట్టీ సంకలనం చేసిన ‘హై రైజ్‌ స్టోరీస్‌’ పుస్తకంలో షికాగో పాత నివాసులు తమ కథలు తామే చెప్పుకొన్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ నగరంలోనే జాతీయ ప్రభుత్వ గృహ మ్యూజియం తలుపులు తెరిచింది. వాళ్ల మాటలకు మ్యూజియంలో దొరికిన చోటు, కూల్చివేత నిర్ణయం జరిగిన గదిలో ఏ మేరకు దొరికిందన్నది అడగవలసిన ప్రశ్న.

కూల్చివేతను సమర్థించేవారి చేతిలోనూ గట్టి ఆధారం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పేదరికం ఒకేచోట గుమిగూడితే దాని నష్టం రెట్టింపవుతుందని సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్‌ విల్సన్‌ 1987లో వాదించారు. దాన్ని పరీక్షించడానికే అమెరికా ప్రభుత్వం 1994 నుంచి ఐదు నగరాల్లో 4,600 కుటుంబాలతో ఓ ప్రయోగం నడిపింది. కొందరికి పేదరికం తక్కువున్న పేటలకు మారేందుకు లాటరీ పద్ధతిలో అద్దె వోచర్లు ఇచ్చారు. పదమూడేళ్లలోపు వయసులో అలా మారిన పిల్లల సంపాదన ఇరవైల మధ్యలో 31 శాతం ఎక్కువగా ఉందని రాజ్‌ చెట్టి బృందం 2016లో తేల్చింది. చిన్న సంగతి కాదు. అయితే అదే అధ్యయనం మరో రెండు విషయాలు చెప్పింది. టీనేజీలో మారిన పిల్లలకు లాభం కనిపించలేదు, కొంత నష్టమే జరిగింది. పెద్దల సంపాదనలో మార్పు లేదు. పైగా ఆ కుటుంబాలు తామే దరఖాస్తు చేసుకుని మారాయి, బుల్డోజర్‌ తరిమితే వెళ్లలేదు. నాకు మారాలని ఉందనే తల్లికి దారి చూపడానికీ, నీ పేట మంచిది కాదని ఇల్లు పడగొట్టడానికీ ఒకే గణాంకాన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు.

చెడ్డపేరు ఎలా పనిచేస్తుందో గ్రంథాలకంటే కన్నగి నగర్‌ వాసులే బాగా చెబుతారు. చెన్నై నడిబొడ్డున ఉన్న బస్తీల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించి 2000 నుంచి ఐటీ కారిడార్‌ పక్కన 15 వేలకు పైగా చిన్న ఇళ్లలోకి తరలించారు. ఏ ఏరియా అని ఇంటర్వ్యూలో అడిగితే వేరే పేటల పేర్లు చెప్పుకొంటామని, అడ్రస్‌ చూసి అప్పివ్వరని, ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు తమ వీధిలోకే వస్తారని అక్కడి యువత ఏళ్లుగా మొర పెట్టుకుంటోంది. ఎదురుగా సాఫ్ట్‌వేర్‌ కంపెనీలున్నా అడ్రస్‌ అడ్డొస్తే ఆ ఎదురు ఎంత దూరమో! 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువ క్రీడల్లో కబడ్డీ స్వర్ణం గెలిచిన భారత బాలికల జట్టులో కన్నగి నగర్‌ అమ్మాయి కార్తిక ఉంది. ఆ పేట పేరును తన పేరుకు ముందు చేర్చి పిలిస్తేనే గర్వమని ఆమె చెప్పుకొంది. సంతోషమే. కానీ ఒక పేట పరువు నిలవాలంటే పిల్లలు ఆసియా స్థాయి పతకం తేవాలన్నమాట. మామూలుగా బతికే పదిహేను వేల కుటుంబాలకు ఆ అవకాశం ఎక్కడిది? కళంకం పేదరికం పక్కన ఊరకే వచ్చి చేరేది కాదని, అదే ఒక ప్రత్యేక భారమై ఉపాధిని, పరపతిని, చివరికి ఇరుగుపొరుగు మీద నమ్మకాన్ని కూడా తినేస్తుందని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త లోయిక్‌ వకాన్‌ చెప్పింది ఇలాంటి చోట్ల గురించే.

కళంకం చేసే ఇంకో పనిని బ్రిటన్‌ అనుభవం బయటపెట్టింది. చెప్పేవాడి మాటకు విలువ లేకుండా చేస్తుంది. 2017 జూన్‌ 14న లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్‌ టవర్‌ తగలబడి 72 మంది చనిపోయారు. పెద్ద ప్రమాదం జరిగితే తప్ప యాజమాన్యం మేలుకోదని అక్కడి నివాసుల బృందం అంతకు ఏడు నెలల ముందే రాతపూర్వకంగా హెచ్చరించింది. సర్‌ మార్టిన్‌ మూర్‌-బిక్‌ విచారణ తుది నివేదిక 2024 సెప్టెంబరులో వచ్చింది. ప్రశ్నించే నివాసులను నిర్వహణ సంస్థ గొడవలకు దిగేవాళ్లుగా జమకట్టిందని, ఇరువైపులా నమ్మకం పూర్తిగా చెడిందని అది నమోదు చేసింది. రాచ్‌డేల్‌ పట్టణంలో జరిగింది దీనికంటే చిన్న కథ, కానీ ఇంకా దగ్గరగా తగులుతుంది. సూడాన్‌ నుంచి వచ్చిన ఒక కుటుంబం తమ సామాజిక గృహంలో గోడలు చెమ్మెక్కి బూజు పడుతోందని 2017లోనే ఫిర్యాదు చేసింది. పైన రంగు వేసుకోమన్నారు. వాళ్ల అలవాట్ల వల్లే చెమ్మ అనుకున్నారు. 2020 డిసెంబరులో ఆ ఇంటి రెండేళ్ల పిల్లాడు ఊపిరాడక చనిపోయాడు. దానికి కారణం బూజేనని 2022లో కరోనర్‌ విచారణ తేల్చింది. తరవాత గృహ నిర్వాహక సంస్థే, కుటుంబం జీవనశైలి గురించి తాము ఊహించుకున్నది తప్పని ఒప్పుకొంది. వీళ్లింతే అన్న ఒక్క ఊహ ఫిర్యాదును మూడేళ్లు మూలన పడేసింది.

బ్రిటన్‌ అక్కడితో ఆగకపోవడం గమనించాలి. సామాజిక గృహాలపై 2018లో ప్రభుత్వం తెచ్చిన చర్చాపత్రం కోసం మంత్రులు దాదాపు వెయ్యి మంది అద్దెదారులను కలిశారు. వాళ్ల నోట మాటిమాటికీ వచ్చింది చిన్నచూపు సంగతే. 2023లో సామాజిక గృహ నియంత్రణ చట్టం వచ్చింది. అదే ఏడాది నుంచి గృహ సంస్థలు 22 ప్రమాణాలపై లెక్క అప్పజెప్పాలి. వాటిలో పన్నెండు అద్దెదారుల అభిప్రాయ సేకరణ నుంచే రావాలి. చనిపోయిన పిల్లాడి పేరు మీద వచ్చిన ‘అవాబ్‌ చట్టం’ 2025 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో సరిచేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదును పది పనిదినాల్లో పరిశీలించాలి. నివాసి అనుభవం సానుభూతి పొందే కథ స్థాయి దాటి, గడువు మొదలయ్యే తేదీగా మారడం ఇక్కడే చూస్తాం. ఆలస్యమైంది, ప్రాణాలు పోయాక వచ్చింది. అయినా మనం అరువు తెచ్చుకోదగ్గది ఇదే.

డెన్మార్క్‌ ఎదురుదిక్కున నడిచింది. 2010 నుంచి ప్రభుత్వమే ఏటా ‘ఘెట్టో’ల జాబితా ప్రకటించేది. వెయ్యి మందికి పైగా ఉండి, సగానికి మించి ‘పాశ్చాత్యేతర’ మూలాలవారైతే, నిరుద్యోగం, నేరం, చదువు, ఆదాయం లెక్కల్లో రెండు దాటితే ఆ పేట జాబితాకెక్కుతుంది. కొన్నేళ్లపాటు జాబితాలో ఉంటే 2030 నాటికి అక్కడి కుటుంబ ప్రభుత్వ గృహాలను 40 శాతానికి తగ్గించాలని 2018 చట్టం చెప్పింది. కోపెన్‌హాగెన్‌లోని మ్యోల్నర్‌పార్కెన్‌ వాసులు కోర్టుకెక్కారు. వ్యవహారం ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇది జాతిమూలం ఆధారంగా చూపే ప్రత్యక్ష వివక్షేనని ఆ కోర్టు అడ్వకేట్‌ జనరల్‌ 2025 ఫిబ్రవరిలో అభిప్రాయం చెప్పారు. 2021లో ‘ఘెట్టో’ మాట తీసేశారు కానీ జాబితా తీసేయలేదు. చెడ్డపేరును రాజముద్రతో అచ్చువేస్తే బ్యాంకులు, యజమానులు దాన్ని చెరిపేస్తారని ఎలా అనుకున్నారో!

మరి ప్రభుత్వ ఇల్లంటే చిన్నచూపు లేని చోట్లు లేవా అంటే ఉన్నాయి. వియన్నా నగరపాలిక చేతిలో సుమారు 2.2 లక్షల ఫ్లాట్లున్నాయి. సహకార, పరిమిత లాభాపేక్ష గృహాలు కలిపితే నగరంలో సగం మందికి పైగా వాటిలోనే ఉంటారు. ఒంటరి వ్యక్తి ఏడాదికి 50 వేల యూరోలకు పైగా నికరంగా సంపాదిస్తున్నా అర్హుడే. తరవాత జీతం పెరిగినా ఖాళీ చేయనక్కర్లేదు. టీచరు, ట్రామ్‌ డ్రైవరు, క్లీనరు ఒకే మెట్లెక్కుతారు కాబట్టి, చెప్పే అడ్రస్‌ను బట్టి మనిషిని తూకం వేయలేం. సింగపూర్‌లో ప్రతి ఐదుగురిలో నలుగురు ప్రభుత్వ బోర్డు కట్టిన ఫ్లాట్లలో ఉంటారు, ఎక్కువమంది యజమానులే. అయితే ఈ ఆదర్శాలకూ అంచులున్నాయి. వియన్నా 2006 వరకు ఐరోపా సమాఖ్య బయటి విదేశీయులకు పాలిక ఇళ్లు ఇవ్వలేదు. సింగపూర్‌లో మిగిలిన నిరుపేదల అద్దె ఫ్లాట్లలో ఉండేవారు పడే చిన్నతనాన్ని సామాజిక శాస్త్రవేత్త టియో యూ యెన్‌ 2018లో ఒక పుస్తకంగా రాస్తే దేశమంతా చర్చ జరిగింది. అందరూ ఉండే ఇంటికి చెడ్డపేరు అంటదు, దిక్కులేనివారికని విడిగా కట్టిన దానికే అంటుతుంది.

నివాసుల కథలనే ప్రమాణంగా తీసుకోవడంలో ఇబ్బందులు లేకపోలేదు. చిన్ననాటి ఇంటిని తలుచుకునేటప్పుడు ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. గొంతున్నవారి కథలే పుస్తకాలకెక్కుతాయి. గూండాల భయంతో తలుపు తీయని ముసలావిడ ఏ సభకూ రాదు. కాలనీ కమిటీ అనగానే మన దగ్గర ఏదో ఒక పార్టీ కార్యకర్త కుర్చీ వేసుకుని కూర్చోవడమూ తెలిసిందే. అందుకే ఒకరిద్దరి నోటిమాట కాకుండా, ఏటా రహస్యంగా జరిపే సర్వే, రసీదుండే ఫిర్యాదు, తేదీతో సహా జవాబు కావాలి.

తెలుగు రాష్ట్రాలకు ఇది రేపటి ముచ్చట కాదు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన సముదాయంలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లున్నాయి. ఇంటికి 560 చదరపు అడుగులు, భవనానికి తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. కట్టడానికి దాదాపు పద్నాలుగు వందల తొంభై కోట్లు దొరికాయి. లిఫ్టు కరెంటు బిల్లు, సంపు మోటారు రివైండింగ్‌, డ్రైనేజీ శుద్ధి యంత్రం, వాచ్‌మన్‌ జీతం మాత్రం ఏటా దొరకాలి. బస్తీలో రేకుల ఇంటికి మెయింటెనెన్స్‌ లేదు. ఇక్కడ ఆటో తోలేవారు, ఇళ్లలో పనిచేసేవారు ప్రతి నెలా తలా ఇంత వేసుకోవాలి. ఒక్క అంతస్తువాళ్లు ఇవ్వకపోతే మెకానిక్‌ రాడు. సముదాయంలోని దుకాణాల అద్దెతో లిఫ్టులు నడిపించాలన్న ఆలోచన మంచిదే, దుకాణాలు నిండితేనే. ఇదే లిఫ్టు కొండాపూర్‌ గేటెడ్‌ కమ్యూనిటీలో ఆగితే ఏజెన్సీవాడిది తప్పంటాం, ఇక్కడ ఆగితే ‘ఈ జనం ఇంతే’ అంటాం. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లది మరో తరహా గోడు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లలో చాలావాటికి లబ్ధిదారుల పేర అప్పులు తెచ్చారు. తాళం చేతికి రాకముందే బ్యాంకు నోటీసు అందుకున్నవారున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పేదల కాలనీకి ఎలాంటి నేల మిగులుతుందో అప్పుడు తెలిసింది.

కేంద్రం 2024లో ప్రారంభించిన రెండో విడత ప్రధానమంత్రి ఆవాస్‌ యోజన పట్టణ పథకం కింద ఐదేళ్లలో కోటి కుటుంబాలకు సాయం చేయాలన్నది లక్ష్యం. అందులో తక్కువ కిరాయి ఇళ్లు ఒక విడి విభాగం. పట్టా చేతిలో ఉన్న లబ్ధిదారు కొంతైనా గట్టిగా మాట్లాడగలడు. ప్రభుత్వ ఏజెన్సీ దగ్గరో, ప్రైవేటు నిర్వాహకుడి దగ్గరో నెలవారీ కిరాయికి ఉండే వలస కూలీకి ఆ ధైర్యమూ ఉండదు. కాబట్టి రాష్ట్రాలు తమ నిబంధనలు రాసుకునేటప్పుడే కొన్ని అంశాలు చేర్చాలి. నిర్మాణ వ్యయంలో కొంత శాతాన్ని బ్లాకుల వారీ నిర్వహణ నిధిగా జమ చేయాలి, దాని లెక్క గేటు దగ్గర బోర్డు మీద ఉండాలి. లిఫ్టు, నీళ్లు, మురుగు, విద్యుత్‌ ఫిర్యాదులకు గంటల్లో గడువు పెట్టి, దాటితే ఆ నెల కిరాయిలోనో నిర్వహణ రుసుములోనో కోత ఇవ్వాలి. నిర్వహణ సంఘంలో సగం స్థానాలు అక్కడ ఉంటున్న మహిళలకు ఇచ్చి, ఎన్నిక వార్డు నాయకుల చేతిలో పెట్టకూడదు. ఏ కాలనీని ఖాళీ చేయించాలన్నా, కూల్చాలన్నా ముందు ఇంటింటి సర్వే జరిపి దాని ఫలితాన్ని ప్రచురించాలి. లాటరీలో ఇల్లు వచ్చినవారు తమ పనికి, పిల్లల బడికి దగ్గరున్న సముదాయానికి మార్చుకునే వీలుండాలి. వీటిలో నిర్వహణ నిధి ఒక్కటే ఖజానా మీద చెప్పుకోదగ్గ భారం. దాన్ని తప్పించుకున్న సెయింట్‌ లూయిస్‌ చివరికి 2,870 ఇళ్లనూ పోగొట్టుకుని, కూల్చివేత ఖర్చు కూడా భరించింది.